బాల్కనీలో మల్లెలు

సంక్రాంతికి ఊరెళ్లొచ్చాక మా ఆయన కత్తెర పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి మల్లెచెట్టుని మోడు చేసేశారు. ఆకన్నది లేదు. నాకు ఏడుపొక్కటే తక్కువ. "కొత్త చిగురుకేనే మొగ్గలొచ్చేది" అని కడియం నర్సరీ వాళ్లు చెప్పిన మాట నాకు అప్పజెప్పి, నీళ్లు కూడా తగ్గించేశారు.

ఇప్పుడు చూడాలి చెట్టుని! ఏప్రిల్ ఎండ ముదిరేకొద్దీ దానికి హుషారు. సాయంత్రానికి మొగ్గలు తెల్లగా ఉబ్బుతాయి, చీకటి పడ్డాక విచ్చుకుంటాయి. అంతకుముందే కోసెయ్యాలి. కోత ఆయనది, కట్టడం నాది. సిటీలో అరటినార ఎక్కడ దొరుకుతుంది, తడిపిన దారమే గతి. రెండు మొగ్గలు ఇటు, రెండు అటు, ఒక ముడి. ఆయనకీ నేర్పుదామని చూశాను, కాడలన్నీ తెగ్గొట్టి పెట్టారు. ఇంజనీరింగ్ చదివిన చేతులండీ మరి!

మూరెడు మాల నా జడకి, నాలుగు పూలు మంచినీళ్ల కుండలోకి. ఆ చల్లటి నీళ్లు తాగుతూ, టీవీ ఊసెత్తకుండా బాల్కనీలో చాపేసుకుని కబుర్లు. కరెంటు పోయినా తెలియట్లేదు.

పక్కింటి పిన్నిగారు మాత్రం రోజూ తలుపు కొట్టి అడుగుతున్నారు, "ఇవాళ నా వాటా ఏదమ్మా" అని.