చిన్నాయన వాచీ చైను

పోయిన సంక్రాంతికి కడపలో చిన్నాయన వాచీ చైనుకి రెండు లింకులు తీయించుకున్యాడు, షుగర్ వల్ల చిక్కినాడులే అనుకున్యాం, తీరా చూస్తే ప్యాంక్రియాస్ క్యాన్సర్. అప్పట్నుంచి రాత్రిళ్లు ఇదే చదువుతాండా. 2014లో ఒక స్టడీ వచ్చింది, రక్తంలో లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ (ప్రోటీన్ని కట్టే ముక్కలు, అమైనో ఆమ్లాలంటారు) ఎక్కువున్నోళ్లకి తర్వాత ఈ క్యాన్సర్ బయటపడే రిస్క్ రెట్టింపు పైనే అని, గడ్డ కనపడకముందే ఒంట్లో ప్రోటీన్ కరిగి రక్తంలోకి వస్తాందంట. మరి ఇది జబ్బుకి కారణమా, జబ్బు చేసిన పనా? అక్కడే మెండీలియన్ రాండమైజేషన్ అనేది పనికొస్తాది. అమ్మానాయన నుంచి ఏ జీన్ వస్తాదో లాటరీ, బీడీ తాగినా (అది రిస్కే, చిన్నాయన వినడు) పుట్టుకతో వచ్చిన ఆ జీన్ మారదు కదా, అందుకని పుట్టుకతోనే ఇట్లాంటివో, లేదా ఫలానా ఇమ్యూన్ కణాలో (జబ్బుతో పోరాడేవి) ఎక్కువుండే జీన్లున్నోళ్లకి క్యాన్సర్ ఎక్కువొస్తాందా, మధ్యలో మెటబొలైట్ల (లూసిన్ లాంటి, ఒంట్లో రసాయన మార్పుల్లో పాల్గొనే చిన్న పదార్థాల) పాత్ర ఎంత అని లెక్కేస్తారు. తమ్ముడేమో నాకూ జీన్ టెస్ట్ చేయించు అంటాడు, ఇవి వేలమంది లెక్కలురా, నీ జాతకం కాదు అన్యా.