చెమ్మ గోడ

ఆదివారం, ఎంవీపీ కాలనీ.

పొద్దున రైతుబజారు నుంచి వచ్చి సంచులు కింద పెట్టానో లేదో, గాజువాక నుంచి పిన్ని ఫోను. ఆదివారం ఆ వేళకి పిన్ని ఫోన్ చెయ్యదు, చేపలు బాగుచేసుకునే హడావిడిలో ఉంటుంది. "ఏటో అమ్మా, రాత్రి ఆడు వీడియోలో మాట్లాడుతుంటే వెనకాల గోడ కనపడింది. నల్లగా బూజు పట్టేసింది. ఆ గోడకి ఆనుకునే పరుపు. అడిగితే బాగానే ఉందమ్మా అంటాడు. నువ్వోసారి మాట్లాడవే" అంది. ఆ తర్వాత గొంతు పెగల్లేదు.

తమ్ముడు ఈ అక్టోబరులో జర్మనీ వెళ్లాడు, మాగ్డెబర్గ్‌లో ఎమ్మెస్ చెయ్యడానికి. నేనూ ఆ దేశంలోనే చదువుకుని వచ్చాను కాబట్టి మా బంధువుల పిల్లలకి అక్కడ ఏ ఇబ్బంది వచ్చినా ముందు నాకే ఫోను వస్తుంది. రావాలనే కోరుకుంటాను. అక్కడ మొదటి చలికాలం ఒంటరిగా గడపడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అప్పటికి అక్కడ ఇంకా తెల్లవారలేదు. చలికాలంలో మనకీ వాళ్లకీ నాలుగున్నర గంటల తేడా. వంట చేస్తున్నా, తింటున్నా మనసంతా ఆ గోడ మీదే ఉంది. భోజనాలయ్యాక చేశాను.

"బానే ఉన్నానక్కా" అనే మొదలుపెట్టాడు, మధ్యలో దగ్గుతూ. ఫోను గోడ వైపు తిప్పరా అన్నాను. బీరువా వెనక మూల నుంచి నల్లటి చుక్కలు పాకి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అరచేయంత మరకలయ్యాయి. వాల్‌పేపరు అంచు ఊడి ముడుచుకుపోయింది. కిటికీ అద్దానికి లోపలి వైపు నీళ్లు కారి, కింద చెక్క మీద చిన్న మడుగు కట్టింది. పక్కనే స్టాండు మీద తడి జీన్సు ప్యాంట్లు ఆరేసి ఉన్నాయి. గదిలో ఉండేది ఇద్దరు. ఇద్దరివీ నేల మీద పరుపులే.

"చలికని కిటికీ అసలు తియ్యట్లేదక్కా. బిల్లు ఎక్కువొస్తుందని హీటరు కూడా ఒకటి మీదే ఉంచుతున్నాం."

మన విశాఖలో చెమ్మకి కొదవా? ఉప్పుగాలికి కిటికీ ఊచలు తుప్పు పడతాయి, వానాకాలం బీరువాలో దాచిన చెప్పులకి బూజు పడుతుంది. కానీ ఇక్కడ కిటికీలు పగలంతా తెరిచే ఉంటాయి, ఎప్పటి గాలి అప్పుడు పోతుంది. అక్కడి ఇళ్లలో గాలి పోయే సందు ఉండదు. ఇద్దరు మనుషుల ఊపిరి, వంట ఆవిరి, బట్టల తడి అన్నీ గదిలోనే తిరిగి, చల్లగా ఉన్న బయటి గోడ తగలగానే నీరవుతాయి. బీరువా గోడకి అతుక్కుని ఉంటే వెనక గాలి ఆడదు, బూజు అక్కడే మొదలవుతుంది.

వాడికి ఒక్కొక్కటే చెప్పాను. రోజుకి రెండు మూడు సార్లు కిటికీ పూర్తిగా తెరిచి ఐదు పది నిమిషాలు ఉంచాలి. ఆ కాసేపూ హీటరు కట్టెయ్యాలి. అలా కాక, కిటికీ పైభాగం మాత్రం కొంచెం లోపలికి వంచి రోజంతా వదిలేస్తే గోడ ఇంకా చల్లబడుతుంది తప్ప చెమ్మ పోదు. హీటరు మీద మూడో నంబరంటే దాదాపు 20 డిగ్రీలు, గదిలో ఉన్నంతసేపు అలా ఉంచుకోవాలి. బీరువా జానెడు ముందుకి జరపాలి. బట్టలు ఆరేసుకోవడానికి కింద సెల్లారులో గది ఉందేమో చూడాలి. ముందు ఆ పరుపు అక్కణ్ణుంచి తీసెయ్యాలి.

అంతా విని, "పర్లేదులే అక్కా, పరాయి దేశం వచ్చాక సర్దుకుపోవాలి కదా" అన్నాడు.

అక్కడే నాకు కోపం వచ్చింది, వాడి మీద కాదు. విమానం ఎక్కేముందు ప్రతి పెద్దమనిషీ తల మీద చెయ్యి వేసి సర్దుకుపో నాయనా అంటాడు. దేనికి సర్దుకోవాలో, దేనికి అక్కర్లేదో ఎవరూ చెప్పరు. నాలుగింటికే చీకటి పడటం, పక్కింటివాళ్లు పలకరించకపోవడం, ఆదివారం దుకాణాలు మూసెయ్యడం, వీటికి సర్దుకోవాలి. ఊపిరితిత్తుల్లోకి పోయే బూజుకి ఎందుకు సర్దుకోవాలి? అద్దె ఇంట్లో లోపం ఉంటే ఆ మేరకు అద్దె తగ్గుతుందని అక్కడి సివిల్ కోడ్ 536వ సెక్షన్‌లోనే ఉంది. అయితే లోపం కనపడగానే ఇంటివాళ్లకి తెలియజెయ్యడం మన బాధ్యత. ఫొటోలు తీసి, తేదీ వేసి, ఈమెయిల్ పెట్టాలి. కిటికీలు తెరవట్లేదని వాళ్లు మననే అనొచ్చు, అందుకే ఇవాళ్టి నుంచే తెరవడం మొదలుపెట్టమన్నాను.

"ఇంటివాళ్లు ఎవరో మాకు తెలీదక్కా. సీనియర్ దగ్గర తీసుకున్నాం. మనవాడే."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. అద్దె చేతికి ఇస్తున్నారు, కాగితం లేదు. ఇల్లు మారిన రెండు వారాల్లోగా మున్సిపల్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకంతో కాగితం కావాలి. ముందుముందు వీసా గడువు అయ్యేలోగా రెసిడెన్స్ పర్మిట్‌కి పెట్టుకోవాలన్నా ఆ నమోదు అవసరం. ఇదిగో ఇస్తా, అదిగో ఇస్తా అంటున్నాడట ఆ అబ్బాయి. గట్టిగా అడగడానికి వీడికి మొహమాటం. వెళ్లిన కొత్తలో స్టేషనుకి వచ్చి తీసుకెళ్లాడట, మొదటి రెండు రోజులూ వండి పెట్టాడట. ఆ మేలు నిజమే, మర్చిపోకూడదు. కానీ ఆ మేలుకి బదులుగా వీడు పర్మిట్ పోగొట్టుకోలేడు కదా. బ్లాక్‌డ్ అకౌంట్‌లో, అంటే ఖర్చులకని ముందే మొత్తం వేసి నెలకి కొంత చొప్పునే తీసుకునే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు పిన్నీ బాబాయీ ఎలా కూడబెట్టి వేశారో నాకు తెలుసు. నెలనెలా వచ్చే ఆ 992 యూరోల్లోంచే వీడు అద్దె కడుతున్నాడు. అడగడం వీడి హక్కు.

కాసేపు మౌనంగా ఉండి, తలుపుకి అంటించిన చీటీ ఒకటి చూపించాడు. కిందటి ఆదివారం గదిలో వాక్యూమ్ క్లీనర్ పెట్టాడట. కింద ఫ్లాట్ ఆవిడ రాసి పెట్టింది, ఆదివారం చప్పుడు చెయ్యకూడదని. "మనమంటే పడదేమో అక్కా. ఆదివారం వస్తోందంటేనే భయంగా ఉంటోంది" అన్నాడు. పడనివాళ్లూ ఉంటారు, లేరని నేను చెప్పలేదు. కానీ ఆ చీటీ అక్కడ జర్మన్ల తలుపులకీ అంటిస్తారు. ఆదివారం డ్రిల్లింగు, వాక్యూమూ కూడదు, గాజు సీసాలు డబ్బాలో వెయ్యకూడదు, రాత్రి పది దాటితే చప్పుడు ఉండకూడదు. ఇలాంటివి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే వాడు ఆ చీటీ పట్టుకుని వారమంతా కుమిలిపోయేవాడు కాదు.

కల్చర్ షాక్ గురించి కలెర్వో ఓబర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1954లో రియో డి జెనీరోలో ఒక ప్రసంగం చేశారు. తాగే నీళ్ల మీద, తిండి మీద, పడక మీద అతిగా దిగులు, ఎవరో మోసం చేస్తున్నారన్న అనుమానం, ఇంటి మీద బెంగ, ఇవన్నీ దాని లక్షణాలని చెప్పారు. మొదట అంతా బాగుంటుంది, తర్వాత కుంగుబాటు వస్తుంది, ఆ తర్వాత మెల్లగా తేరుకుంటారని కూడా చెప్పారు. అది వాడికి చెబితే, "అయితే నాకేం పిచ్చి పట్టలేదన్నమాట" అన్నాడు. ఫోను ఎత్తాక వాడు నవ్వింది అప్పుడే.

సాయంత్రం బీచ్ రోడ్డుకి వెళ్లాం. కుర్సుర సబ్‌మెరైన్ దగ్గర ఇసకేస్తే రాలనంత జనం, మొక్కజొన్న పొత్తుల పొగ, పిల్లల కేకలు. ఇలాంటి ఆదివారాల్లో పెరిగినవాడికి, అలికిడి లేని వీధిలో తలుపేసుకుని కూర్చోవడం ఎంత బరువో అనిపించి వాడికి ఇంకో మెసేజ్ పెట్టాను. ఎండ ఉన్న గంట సేపైనా ఎల్బా నది ఒడ్డున నడువు, ఆదివారానికి శనివారమే సరుకులు తెచ్చుకుని క్లాసులోవాళ్లని భోజనానికి పిలువు, యూనివర్సిటీ హాస్టల్ వెయిటింగ్ లిస్టులో రేపే పేరు రాయించు అని.

పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పాను. గోడ బాగాలేదు, దానికి చెయ్యాల్సింది ఉంది, చేస్తున్నాం అన్నాను. బాగానే ఉందన్న మాట కంటే ఇదే ఆవిడకి ఊరటనిచ్చింది.

రాత్రి వాడి దగ్గర్నుంచి ఫొటో వచ్చింది. బీరువా ముందుకి జరిపారు, పరుపు లోపలి గోడ వైపు వేసుకున్నారు. సీనియర్‌తో వచ్చేవారం మాట్లాడతానని రాశాడు. వచ్చేవారం కాదు, రేపే అని రాశాను. ఆ అబ్బాయిది అనకాపల్లేనట, నంబరు తీసుకున్నాను. రేపు రాత్రిలోగా కాగితం సంగతి తేలకపోతే నేనే ఫోన్ చేసి మర్యాదగా అడుగుతాను.