బ్రాయిలర్ బ్యాచ్‌ను ముంచిన తడి మక్కలు: నా అనుభవం

నిన్న రాత్రి కోళ్లు బండెక్కాయి. వెయ్యి పిల్లల బ్యాచ్. 42 రోజులకు సగటు 1 కిలో 650 గ్రాములు. ఇదే షెడ్డులో పోయిన బ్యాచ్ 2 కిలోల 150 తూగింది. తేడా అంతా మక్కల్లోనే ఉంది.

మొదటి పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. ప్రీ-స్టార్టర్ (పిల్లలకు మొదటి రోజుల్లో వేసే దాణా) కొన్నదే వేశాను. ఏడో రోజు తూకం 178 గ్రాములు. దిగిన రోజు బరువుకు నాలుగింతలు దాటితే బ్రూడింగ్ (పిల్లలను వెచ్చగా ఉంచి సాకడం) బాగున్నట్టే.

పదకొండో రోజు నుంచి సొంత దాణా. 100 కిలోలకు మక్కలు 57, సోయా చెక్క 36, నూనె 3, డీసీపీ (కాల్షియం, ఫాస్ఫరస్ ఇచ్చే పొడి) 1.8, సున్నపురాయి పొడి 1.2, ఉప్పు 300 గ్రాములు, అమైనో ఆమ్లాలైన మిథియోనిన్ 250, లైసిన్ 200, మిగతాది విటమిన్లు, ఖనిజాల ప్రీమిక్స్. గ్రాముల్లో వేసేవాటిని ముందు ఐదు కిలోల మక్కపిండిలో కలిపి, ఆ తర్వాతే మిక్సర్‌లో పోయాలి. నేరుగా పోస్తే ఒక బస్తాలో ఎక్కువ పడుతుంది, ఇంకో బస్తాలో అసలే పడదు. ఇవన్నీ సరిగ్గానే చేశాను. టాక్సిన్ బైండర్ (దాణాలోని బూజు విషాన్ని పట్టి ఉంచే పొడి) ఒక్కటే వేయలేదు. టన్నుకు కిలో నుంచి రెండు కిలోలు పడేది. మక్కలు బాగా ఎండినవని వ్యాపారి చెప్పిన మాట నమ్మాను.

పదహారో రోజు రెట్టలో దాణా పలుకులు అరగకుండా కనిపించాయి. కాళ్లు పాలిపోయాయి. 21వ రోజు 900 గ్రాములకు అటూఇటూ ఉండాల్సిన కోళ్లు సగటున 620 తూగాయి. ఒకటి 800 ఉంటే పక్కది 400. మందుల షాపులో లివర్ టానిక్, యాంటీబయాటిక్ అంటగట్టారు. ఐదు రోజులు తాగించినా రెట్ట మారలేదు. కారణం తెలియకుండా యాంటీబయాటిక్ పట్టించకండి. డబ్బులు పోతాయి, మందు అవశేషాలు తినేవాళ్ల కంచంలోకి పోతాయి.

చివరికి చచ్చిన మూడు కోళ్లను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కోసి చూపించారు. కార్జం పసుపు రంగులో ఉబ్బి, వేలితో నొక్కితే చితికిపోతోంది. దాణా ల్యాబ్‌కు పంపితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 68 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో 68) అని తేలింది. 20 దాటకూడదు.

ఆ కాగితం పట్టుకుని వ్యాపారి దగ్గరికి పోయాను. పదిమంది రైతుల ముందు, "అన్నా, నీకు కోళ్లు పెంచుడు రాక నా మక్కల మీద పెడుతున్నవా" అన్నాడు. కాగితం వైపు కూడా చూడలేదు. పదకొండేళ్లుగా పెంచుతున్నాను, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. వానాకాలం పంట కోతకొచ్చేసరికి వానలు పడతాయి. తడిసిన కంకుల్లో బూజు పుడుతుంది. తర్వాత ఎండబెట్టి, జల్లెడ పట్టి, తళతళలాడే గింజగా అమ్ముతారు. ఎండ తేమను తీస్తుంది కానీ, అప్పటికే గింజలో చేరిన విషాన్ని తీయదు. వేయించినా పూర్తిగా పోదు. వాసనకు, కంటికి దొరకదు.

ఇకపై కొనేముందు ఒకటి చేయండి. పొడి గాజుసీసాలో మూడో వంతు గింజలు, రెండు మూడు చెంచాల పొడి ఉప్పు వేసి, మూత బిగించి నిమిషం పాటు ఊపండి. పది నిమిషాలు ఆగి చూడండి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతం పైనే. 12, 13 లోపు ఉంటేనే నిల్వ పెట్టండి. సీసాకు తేమే తెలుస్తుంది, విషం తెలియదు. అందుకే వానాకాలం మక్కలకు బైండర్ తప్పనిసరి. అది కూడా కొంతవరకే పట్టి ఉంచుతుంది. బస్తాలను నేల మీద కాదు, చెక్కల మీద, గోడకు అడుగు దూరంగా పేర్చండి.

ఆ దాణా మొత్తం తీసేసి కొన్న స్టార్టర్ వేశాక, నీళ్లలో విటమిన్ ఇ, సెలీనియం ఇచ్చాక ఐదారు రోజులకు రెట్ట గట్టిపడింది. గిడసబారినవి మాత్రం చివరిదాకా కోలుకోలేదు. మేత ఎంత తిన్నా మాంసం పట్టలేదు. కిలో బరువుకు 2 కిలోల 100 గ్రాముల దాణా పట్టింది, పోయిన బ్యాచ్‌లో 1 కిలో 700.

నాలుగు క్వింటాళ్ల మక్కలు మిగిలాయి. బర్రెలకు పెట్టుకుంటామని ఇద్దరు అడిగారు, సగం ధర ఇస్తామన్నారు. ఇవ్వలేదు. ఆ విషం పాలల్లోకి దిగుతుంది, ఆ పాలు పిల్లలే తాగుతారు. పొద్దున్నే గుంత తీయించి పూడ్చేశాను.