‘ఎంత సన్నబడ్డావో!’ అన్నవాళ్లకు

ముందే చెప్తున్నాను, ఇందులో నా బరువు ఎంతో రాయను. నాలాగే తిండి మానేసే జబ్బుతో ఉన్న అమ్మాయి చదివితే ఆ అంకెతో పోటీకి దిగుతుంది. నేనూ అలాంటి అంకెలతోనే పోటీ పడ్డాను.

నాకు వచ్చింది అనొరెక్సియా నెర్వోసా, అంటే లావెక్కుతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు. ఆ పేరు బయటపడేలోపు రక్తహీనత అన్నారు, థైరాయిడ్ అని అనుమానించారు, నెలసరి ఆగిపోతే హార్మోన్ మాత్రలు రాశారు. ఆ తిరుగుడంతా ఇక్కడ అనవసరం. “సరిగా తింటున్నావా” అని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఎందుకడుగుతారు? వాళ్ల కళ్లకు నేను రోగిలా లేను, ప్రకటనల్లో కనిపించే అమ్మాయిలా ఉన్నాను. ఆ రోజుల్లో ఫోన్ తెరిస్తే ఎవరిదో నడుము, అద్దం ముందు నిలబడితే నా పొట్ట. రోజంతా ఆ రెండింటి మధ్యే తిరిగేదాన్ని.

ఒక మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు. గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందని ఈసీజీకి పంపారు. అప్పటికే నా చేతుల మీద పసిపిల్లలకు ఉండే లాంటి మెత్తటి నూగు మొలిచింది. ఒంట్లో కొవ్వు కరిగిపోయి వెచ్చదనం నిలవక శరీరం తనను తాను కప్పుకునే ప్రయత్నమట అది. ఈసీజీ తీసే ఆవిడ సరిగ్గా ఆ నూగు మీదే జెల్ రాసి, మణికట్టుకు క్లిప్పు పెడుతూ, “మీకేమండీ, పొట్టన్నదే లేదు! మేం ఎంత డైటింగ్ చేసినా ఇలా రాదు” అంది. మంచి మనసుతోనే అంది. నేను ఆ మాటను బహుమతిలా ఇంటికి తీసుకెళ్లి, ఆ రాత్రి భోజనం మానేశాను. ఆవిడ మీద కోపం ఇంకా పోలేదు.

కళ్లు తిరిగి పడిపోయాక ఆస్పత్రిలో చేర్చారు. అసలు గండం తిండి మొదలుపెట్టాకే వచ్చింది. చాలాకాలం పస్తులున్న ఒంటికి ఆహారం అందగానే ఇన్సులిన్ పెరుగుతుంది, రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి వెళ్లిపోతాయి, రక్తంలో వాటి మోతాదు పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదముంది. దీన్నే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆకలితో మాడి, విడుదలయ్యాక కడుపునిండా తిన్న ఖైదీల్లో డాక్టర్లు దీన్ని చూశారు.

ఆ రాత్రి మానిటర్ ఒకటే మోత. గుండె ఒకసారి ఆగినట్టు, మరుక్షణం గొంతులోకి ఎగిరినట్టు. అమ్మను బయటికి పంపేశారు. పొటాషియం డ్రిప్ ఎక్కిస్తుంటే నరం వెంట మంట భుజం దాకా పాకింది. చచ్చిపోతానేమోనని వణుకుతూనే నేను నర్సును అడిగిన ప్రశ్న ఇది: “అక్కా, ఈ సీసాలో ఎన్ని క్యాలరీలు ఉంటాయి?”

ఆవిడ కోప్పడలేదు, జాలి కూడా పడలేదు. “అది నువ్వడగట్లేదు తల్లీ, నీ జబ్బు అడుగుతోంది. దానికి నేను జవాబు చెప్పను” అని వెచ్చటి గుడ్డ నా చేతికి చుట్టి, తెల్లారేదాకా డ్రిప్ చుక్కలు చూస్తూ పక్కనే నిలబడింది. దేవుణ్ణి తలుచుకున్నాను. నాకు కనబడింది మాత్రం ఆవిడే.

తర్వాత సైకాలజిస్టు చెప్పిన ఒక సంగతి నాకు చాలా ధైర్యమిచ్చింది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో, తమంతట తామే ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను దాదాపు ఆరు నెలలు అర్ధాకలితో ఉంచి పరిశీలించారు. వాళ్ల ధ్యాసంతా తిండి మీదే. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు, చాలామంది దిగులులో కూరుకుపోయారు. అంటే నా బుర్రలో తిరిగిన లెక్కలన్నీ నా పొగరు కాదు, ఆకలి చేసిన పని. అందుకే చికిత్సలో ముందు తిండి, మాటలు ఆ తర్వాత.

ఫిజీ దీవుల సంగతీ అప్పుడే తెలిసింది. 1995లో టీవీ కొత్తగా వచ్చిన ఒక ప్రాంతంలో స్కూలు ఆడపిల్లలను ఆన్ బెకర్ అనే పరిశోధకురాలి బృందం అధ్యయనం చేసింది. బరువు తగ్గడానికి తిన్నది కక్కేస్తున్నామని అప్పుడు ఒక్కరూ చెప్పలేదు. 1998కి నూటికి 11 మంది చెప్పారు. నిండుగా ఉన్న ఒళ్లే అందం అనుకున్న చోట! ఫ్రాన్స్‌లో 2017 నుంచి, మోడల్ ఒంటిని సన్నగానో లావుగానో మార్చిన ప్రకటన ఫొటోకు ఆ విషయం రాసి తీరాలి. మంచిదే. కానీ మనుషుల నోటికి ఏ లేబుల్ అంటిస్తాం?

మీ ఇంట్లో పిల్లకు నెలసరి ఆగిపోతే, ఎప్పుడూ చలి అంటుంటే, జుట్టు రాలుతూ కళ్లు తిరుగుతుంటే, పదిమందిలో తినడం తప్పించుకుంటుంటే ఈసీజీ, పొటాషియం, ఫాస్ఫేట్ పరీక్షలు చేయించండి, మానసిక వైద్యుడికీ చూపించండి. మనిషి బక్కగా లేదు కదా అని ఊరుకోకండి, బరువు మామూలుగా ఉన్నవాళ్లకూ ఈ ప్రమాదం ఉంది. బాగా చిక్కిపోయిన పిల్లకు కంగారుపడి ఇంట్లోనే బలవంతంగా కడుపునిండా పెట్టకండి, డాక్టరు చెప్పినట్టే పెంచాలి.

అద్దంలో తన నడుము చూసుకుని విసుక్కునే అమ్మను చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగాను. దాని మీద నాకు కోపముంది. అదే అమ్మ ఇప్పుడు పూటపూటా నా ఎదురుగా కూర్చుని, నాతో సమానంగా తింటుంది, తన ఒంటిని ఒక్క మాట అనదు. ఆ రుణం తీర్చుకోలేను.

నెలసరి తిరిగొచ్చింది. ఎముకలు ఇంకా పూర్తిగా బలపడలేదు, స్కాన్ మళ్లీ తీయించాలి. మొన్న పిన్ని వచ్చి, “ఇప్పుడు కళగా ఉన్నావు, ఇక్కడితో ఆపెయ్, ఇంకా లావెక్కకు” అంది. నా ఒంటి గురించి తప్ప ఇంకేదైనా మాట్లాడు పిన్నీ అన్నాను. నొచ్చుకుంది. నొచ్చుకోనీ.