మా ఊరి అమరవీరుల స్థూపం: పాలరాతి పలక మీది రంగు తీసిన వైనం

నల్లగొండ పల్లెల్లో చాలా చోట్ల అమరవీరుల స్థూపం కనిపిస్తుంది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది మొదలు 1951లో తెలంగాణ సాయుధ పోరాటం విరమించేదాకా ఎంతోమంది ప్రాణాలిచ్చారు. మా ఊళ్లో వాళ్ల పేర్లు చెక్కింది పాలరాతి పలక మీద. ఏటా వర్ధంతికి దిమ్మెకు ఎర్ర రంగు వేసేటప్పుడు కుంచె పలక మీదికీ పాకేది. పొర మీద పొర పడి చివరికి పేర్లు కనబడకుండా పోయాయి. వాటిలో మా తాత తమ్ముడి పేరు కూడా ఉంది.

బాగుచేద్దామనగానే యాసిడ్‌తో కడిగిద్దామని కొందరు, గ్రైండర్‌తో పాలిష్ పట్టిద్దామని కొందరు అన్నారు. రెండింటికీ అడ్డుపడ్డాను. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే కరుగుతుంది. మాటలతో నమ్మరని ఒక పాలరాతి ముక్క మీద బాత్రూం యాసిడ్ చుక్క వేసి చూపించాను. బుసబుసమని నురగ లేచింది. తుడిచాక అక్కడ నునుపు పోయి వేలికి గరుకు తగిలింది.

“మరి చింతపండుతో తోమితే?” అని పెద్దమ్మ అడిగింది.

“అదీ పులుపే పెద్దమ్మా, ఇత్తడి బిందెకు మంచిదే గానీ దీనికి వద్దు” అన్నాను.

ఇక గ్రైండరంటారా, రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా లెక్కగట్టే మోస్ కొలమానంలో పాలరాయిది 3 మాత్రమే. లోతు లేని అక్షరాలు రాయితోపాటే అరిగిపోతాయి.

ముందు చీకటి పడ్డాక టార్చి వెలుగు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పట్టి ఫొటోలు తీశాం. రంగు కింద మునిగిన గీతలు నీడలుగా తేలాయి. ఏ అక్షరం ఎక్కడుందో తెలిశాకే పలక మీద చెయ్యి వేశాం. మా బోరు నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే, ఉప్పులూ ఎక్కువే. ఆరితే తెల్లటి చారలు కడతాయి. అందుకని బ్యాటరీల దుకాణం నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చాం.

ఆమ్లం గానీ కాస్టిక్ సోడా గానీ లేని పెయింట్ రిమూవర్ జెల్‌ను అడుగున ఓ మూల పూసి చూశాం. రాయికి ఏమీ కాలేదని తేలాక కొంచెం కొంచెంగా పట్టించి, ఆరకుండా పాలిథిన్ కప్పి, మెత్తబడ్డ రంగును వెదురు పుల్లతో లాగాం. ఒక ఎరుపు కింద మరో ఎరుపు, దాని కింద వెలిసిన గులాబీ ఛాయ. గాడిలో మిగిలినదాన్ని మెత్తటి టూత్‌బ్రష్‌తో తీస్తుంటే ‘రె’ ఎత్వం దగ్గర తొలినాటి నల్ల సిరా బయటపడింది. దాన్ని అలాగే వదిలేశాం.

దీపాల నూనె మరకలకు ముల్తానీ మట్టి ముద్ద పట్టించి, పూర్తిగా ఎండాక తీశాం. తాజ్‌మహల్‌కు పురావస్తు శాఖ పట్టించేదీ ఈ మట్టే. పలక అంచుల్లో ఎప్పుడో మెత్తిన సిమెంటు తేమను బయటికి పోనివ్వక రాయినే పెళ్లలుగా రాల్చింది. దాన్ని చిన్న ఉలితో ఓపికగా తొలిచి సున్నం, ఇసుక కలిపిన అడుసు నింపాం. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలపమన్నది మా పాత మేస్త్రి.

ఒక పేరులో సగం అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. కొత్తగా చెక్కిద్దామని పట్టుబట్టారు. పాత రాతి మీద కొత్త ఉలి దెబ్బ పడటానికి నేను ఒప్పుకోలేదు. ఆ కుటుంబం చెప్పిన పూర్తి పేరును వేరే చిన్న పలక మీద రాయించి దిమ్మె కింద అమర్చాం. దండలు వేయడానికి పక్కన విడిగా ఇనుప కొక్కెం పెట్టించాం. ఇకపై రంగు దిమ్మెకే, పలకకు కాదని గ్రామసభలో అందరూ ఒప్పుకున్నారు.