జీపీయూ మీద నీలం బొట్టు

ఏప్రిల్ నెల, పెండ్లిళ్ల సీజన్, చేతుల నాలుగు ప్రాజెక్టులున్నయ్, అందులో మిర్యాలగూడ పార్టీకి తెల్లారేసరికి పెండ్లి వీడియో టీజర్ ఇయ్యాలె, రాత్రి 11 గంటలకు రెండర్ పెట్టి ఇటు వచ్చి అన్నం తింటున్న, మానిటర్ నల్లగైపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నయ్, పంపు సప్పుడు వస్తుంది, బొమ్మ మాత్రం లేదు. ఫోన్ టార్చి కొట్టి చూస్తే గ్రాఫిక్స్ కార్డు (జీపీయూ) వీపు మీద నీలం బొట్టు, రూపాయి బిళ్లంత, తళతళ మెరుస్తుంది.

వాటర్ కూలింగ్, అంటే కంప్యూటర్ వేడి దించనీకి లోపల పైపులల్ల కూలెంట్ నీళ్లు తిప్పుడు, పెట్టుకున్నోళ్లకే తెలుస్తది ఆ బొట్టు చూసినప్పుడు కడుపుల ఏమైతదో.

అన్నం చేత్తోనే ఉరికి గోడ స్విచ్చి బంద్ చేసిన, యూపీఎస్ బంద్ చేసిన, ప్లగ్గు పీకిన. ముందు అది చేయాలె, తుడుసుడు తర్వాత. నీళ్లు పడంగనే పార్టులు సావయ్, తడిమీద కరెంటు నడిస్తెనే సస్తయ్. "అరె నేను పోసింది కరెంటు పాస్ కాని కూలెంట్ కదా" అనుకోవద్దు, ఆ మాట సీసా మూత తీసేదాకనే నిజం. లూపుల, అంటే ఆ నీళ్లు తిరిగే దారిల, రాగి, నికెల్ తగులుకుంట నెలలకొద్దీ తిరిగినంక అందులకు లోహం అయాన్లు దిగుతయ్, బయట పడ్డంక బోర్డు మీది దుమ్ము కలుస్తది, ఇంక అది మామూలు నీళ్లే.

లూపంత ఖాళీ చేసి కార్డు బయటికి తీసిన, వెనక ప్లేటు ఇప్పిన, మదర్‌బోర్డు గుండి సెల్ కూడ తీసేసిన. 99 శాతం ఐసోప్రొపైల్ స్పిరిట్ పాత టూత్‌బ్రష్‌తోని రుద్ది, టేబుల్ ఫ్యాన్ ముందర రెండు రోజులు పెట్టిన. మా అమ్మ "బియ్యం డబ్బాల పెట్టరాదురా, ఫోన్ పెడ్తరు కదా" అంటది. బియ్యంల దుమ్ము ఆ స్లాట్లల్ల ఇరికితే అదింకో కథ, వద్దన్న. మిర్యాలగూడోళ్లకు ఫోన్ చేసి జ్వరమొచ్చిందని అబద్ధం చెప్పిన, కంప్యూటర్ల నీళ్లు కారినయ్ అంటే ఎవ్వడు నమ్మడు.

మూడో రోజు ఆన్ చేస్తే కార్డు బతికింది. బొట్టు పడ్డది సీపీయూ బ్లాకు (చిప్పు మీద కూసొని వేడి గుంజే లోహపు దిమ్మె) పైపు ఫిట్టింగ్‌కు సరిగ్గ కింద కాబట్టి దొంగ అదే అని తేల్చుకొని, ప్లయర్ పెట్టి గట్టిగ బిగించిన. ఇది నేను చేసిన గాడిద పని. ఈ జి 1/4 సైజు ఫిట్టింగులల్ల నీళ్లను ఆపేది థ్రెడ్డు కాదు, కింద ఉండే చిన్న రబ్బరు ఓ-రింగు. అది చదునుగ కూసోవాలె గాని నలగొద్దు. వేళ్లతోని బిగించి పైన కొద్దిగ సవరిస్తె సాలు, ప్లయర్ పెడితే రింగు పక్కకు ఉబ్బి తెగుతది. నాది తెగలేదు, అదృష్టం. లీకు కూడ ఆగలేదు, పది రోజులకు మళ్ల అదే జాగల బొట్టు. ఈసారి కింద టిష్యూ పేపరు పరిచిపెట్టిన కాబట్టి కార్డుకు ఏం కాలె.

గమ్మతేందంటే కంప్యూటర్ ఊకె ఉన్నప్పుడు గంటలకొద్దీ చూసినా సుక్క రాదు. ఎక్కువ రెండర్ పెట్టిన రోజే వస్తది.

అప్పుడే మా బజార్ల ప్లంబింగ్ చేసే అన్న పైన ట్యాంకు వాల్వు మార్చనీకి వచ్చిండు. నేను తలకాయ పట్టుకొని కూసున్నది చూసి, "ఏంది తమ్మీ, దీంట్లగూడ నల్లా కనెక్షనా" అని నవ్విండు. జేబులకెల్లి టెఫ్లాన్ టేపు తీసిండు. వద్దన్నా, ఇది రబ్బరు మీద ఆగేది, టేపు సుడితే పోగులు లేసి బ్లాకు లోపలి సన్నటి సందులల్ల ఇరుకుతయ్ అని చెప్పిన. అప్పుడన్నడు, "లీకు కాడ నీళ్లు కనబడయ్ తమ్మీ. స్లాబు మీద బాత్రూంల కారితే తడిసేది హాలు గోడ. బొట్టు కాడ ఏం జూస్తవ్, పైకెళ్లి జూసుకుంట రా."

నేను పెద్ద పెద్ద వీడియోలు చూసి నేర్సుకున్నోన్ని, నాకు ఇది తట్టలె.

మళ్ల లూపు ఖాళీ చేసిన. చేతి పంపు, గేజీ ఉండే లీక్ టెస్టర్ ఉంటది, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ పోయినప్పుడు కొనుక్కొచ్చి పెట్టెల పడేసిన, ఇన్నాళ్లు వాడలె. నీళ్లు లేకుండ ఒట్టి గాలి కొట్టి అర బార్ ఒత్తిడి పెడ్తె గేజీ ముల్లు నిలబడాలె. నాది పావుగంటల సగం పడ్డది. అంటే లీకు ఉంది, యాడ? ఒక్కొక్క భాగం ఇప్పి, రంధ్రాలు మూసి, గాలి కొట్టి బకెట్ల ముంచిన, అచ్చం సైకిల్ పంక్చర్ షాపుల ట్యూబు ముంచినట్టే. రేడియేటర్ సాఫ్. ఆ తర్వాత రిజర్వాయర్, అంటే కూలెంట్ నిలువుండే డబ్బా, ముంచిన. పై మూత థ్రెడ్డు పక్కన, ఎంట్రుక కన్న సన్నగ గీతలు, సాలెగూడు లెక్క, అందులకెల్లి ఆవగింజలంత బుడగలు ఒకదానెంక ఒకటి. ఆడ కారిన నీళ్లు పైపు పట్టుకొని జారి, సీపీయూ కాడ వంపుల ఆగి, కార్డు మీద పడుతున్నయ్. సుక్క వేడి మీదనే ఎందుకొస్తదో కూడ అర్థమైంది. మా నల్గొండ ఎండలకు రూముల ఏసీ లేకుంటె 40 దాటుతది, కూలెంట్ 50 మీద, లోపలి గాలి, నీళ్లు వ్యాకోచించి ఒత్తిడి పెరుగుతది, గీత నోరు తెరుస్తది. చల్లారంగనే మూసుకుంటది.

మరి గీతలెట్ల వచ్చినయ్? ఎవ్వరినో తిట్టుడు లేదు, నేనే. దసరాకు ఆయుధపూజ చేసేటప్పుడు కంప్యూటర్ అద్దంలెక్క ఉండాలని అదే ఐసోప్రొపైల్ స్పిరిట్ దూదికి అద్ది రిజర్వాయర్ మొత్తం తుడిసి, క్యాబినెట్‌కు పసుపు కుంకుమ పెట్టిన. బాగ మెరుస్తుందని నెలనెలా తుడుసుడు అలవాటైంది. ఆ రిజర్వాయర్ యాక్రిలిక్. యాక్రిలిక్‌కు ఆల్కహాల్ పడదు, అందులో ఫిట్టింగ్ బిగించి ఒత్తిడి మీదున్న జాగల తగిలితే ఇట్లనే సన్నగ పగుల్తది. బోర్డును బతికించిన సీసానే రిజర్వాయర్‌ను తిన్నది.

కొత్త రిజర్వాయర్ పెట్టిన, ఓ-రింగులు కూడ అన్నీ మార్చిన. ఫ్రెండొకడు "20 లీటర్ల ప్లాంటు నీళ్లు పోయొచ్చు కదా" అన్నడు. బోరు నీళ్లు సరే, వాటి సంగతి లోకానికెరుకే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టిండ్రు. ఆర్వో నీళ్లల్ల కూడ కొన్ని లవణాలు మిగుల్తయ్, బ్లాకుల పేరుకుంటయ్. డిస్టిల్డ్ నీళ్లు, కూలెంట్ కాన్సంట్రేట్, అంతే.

ముందు గాలి టెస్టు, ముల్లు అరగంట కదల్లె. తర్వాత నీళ్లు నింపి, ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) మిగతా వైర్లన్నీ పీకి, 24 పిన్నుల ఆకుపచ్చ, నల్ల వైర్లను జంపర్‌తోని కలిపి ఒక్క పంపునే ఒకరోజంత తిప్పిన. ఫిట్టింగు ఫిట్టింగుకు టిష్యూ ముక్కలు కట్టిన, గుడి కాడ చెట్టుకు ముడుపులు కట్టినట్టున్నది. అన్నీ పొడిగనే ఉన్నయ్ గాని నేను నమ్మలె, మధ్యాహ్నం రెండింటికి ఎండల మూడు గంటల రెండర్ పెట్టి పక్కనే కుర్చీ ఏసుకొని కూసున్న.

స్పిరిట్ సీసా ఇప్పుడు అమ్మ దగ్గరుంది, అల్మారా అద్దం తుడుసుకుంటది.