లంబసింగి చలిలో బండి కేక

డిసెంబరులో లంబసింగి వెళ్లేవాళ్లంతా మంచు కోసమే వెళతారు, మేమూ అంతే. విశాఖ నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా వంద కిలోమీటర్ల పైచిలుకు దారి. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ చలి పెరుగుతూ వస్తుంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది. రాత్రి టెంట్‌లో పడుకున్నాం. నిద్రపోయాం అని మాత్రం చెప్పలేను.

చెరువులవేనం కొండ మీంచి మేఘాలు చూడాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. కారు అద్దాల నిండా మంచు తడి. సెల్ఫ్ కొట్టాను. ఇంజిన్ అందుకుంది, ఆ వెంటనే బానెట్ కింద నుంచి కీచుమని చెవులు చిల్లులు పడే అరుపు. పక్క టెంట్‌లో ఒకాయన జిప్ సగం తీసి తల బయటపెట్టి మా వంక చూశాడు. ఏమీ అనలేదు, అదే నయం.

"సెల్ఫ్ మోటార్ పోయింది బావా" అన్నాడు మా బావమరిది.

నాకు అలా అనిపించలేదు. సెల్ఫ్ దగ్గర తేడా ఉంటే తాళం తిప్పి పట్టుకున్నంతసేపే గరగరమంటుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే టకటకమని ఊరుకుంటుంది. మాది అలా కాదు, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక మొదలై అర నిమిషంలో సద్దుమణిగింది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేస్తే మళ్లీ అరిచింది. ఆపేస్తే తగ్గింది. కరెంటు లాగినప్పుడల్లా అరుస్తోందంటే అనుమానం ఆల్టర్నేటర్ వైపుకే పోతుంది. మెకానిక్కులు దాన్నే డైనమో అంటారు. చలిలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి బరువెక్కుతుంది, బ్యాటరీ బలమూ తగ్గుతుంది. స్టార్ట్ చేయడానికి ఖర్చయిన కరెంటును డైనమో వెంటనే బ్యాటరీకి తిరిగి నింపాలి. ఇంజిన్ డైనమోని తిప్పేది ఒక రబ్బరు బెల్టుతో. ఆ కాసేపు దాన్ని తిప్పడం బెల్టుకి చాలా కష్టం. బెల్టు వదులుగా ఉండి, పైన మంచు తడి కూడా చేరితే పుల్లీ, అంటే అది చుట్టుకుని తిరిగే చక్రం, మీద జారుతుంది. ఆ జారుడే అరుపు.

చెరువులవేనం నిరాశపరచలేదు. కాళ్ల కింద లోయ నిండా తెల్లటి మేఘం, మధ్యలో కొండల కొసలు. తిరుగుదారిలో కాఫీ తోటలు, సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. తాజంగి రిజర్వాయర్ దగ్గర వేడి టీ. ఇవన్నీ చూస్తున్నా నా మనసు మాత్రం బానెట్ కిందే ఉంది. మా బండిలో ఆ బెల్టే నీళ్ల పంపునీ తిప్పుతుంది. ఘాట్‌లో తెగిందంటే బ్యాటరీ ఛార్జింగ్ ఆగిపోతుంది, ఇంజిన్ కూడా వేడెక్కిపోతుంది. దిగుతున్నంతసేపూ టెంపరేచర్ ముల్లు, ఎర్రటి బ్యాటరీ లైటు చూస్తూ ఒకటే టెన్షన్.

నర్సీపట్నంలో మెయిన్ రోడ్డు పక్కనే ఒక చిన్న షెడ్డు కనిపించింది. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే అడిగాడు: "ఎప్పుడు అరుస్తంది సార్? పొద్దున్నా, ఎప్పుడూనా?" చెప్పాను. స్టార్ట్ చేయించి, లైట్లు వేయించి, బాటిల్ మూతకు కన్నం పెట్టి బెల్టు మీద కాసిని నీళ్లు చిమ్మాడు. అరుపు రెట్టింపైంది. "లూజండి" అన్నాడు. నీళ్లకి అరుపు కాసేపు తగ్గి ఉంటే పుల్లీలు ఒక వరుసలో ఉన్నాయో లేవో చూసేవాడినన్నాడు.

ఇంజిన్ ఆపించి బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే బాగా లోపలికి దిగింది. విప్పి తిరగేసి చూపించాడు. లోపలి గాళ్లు అద్దంలా నున్నగా అరిగిపోయాయి, అడ్డంగా సన్నటి పగుళ్లు. బెల్టు లేకుండా డైనమో పుల్లీని చేత్తో తిప్పాడు. మెత్తగా తిరిగింది, గరగర లేదు, ఊగులాట లేదు. అంటే బేరింగ్ బాగానే ఉంది. చాలామంది ఈ పరీక్ష చేయకుండానే డైనమో మార్చాలంటారు, అక్కడే మన జేబుకి చిల్లు. బ్యాటరీ టెర్మినల్‌కి పట్టిన తెల్లటి బూజు లాంటి దాన్ని వేడినీళ్లతో కడిగి, గీకి, బిగించాడు. కొత్త బెల్టు తెప్పించి వేశాడు.

మళ్లీ సెల్ఫ్ కొడితే కీచు పోయింది. కానీ ఇంతసేపూ ఆ అరుపు చాటున దాక్కున్న ఇంకో చప్పుడు బయటపడింది. స్టార్ట్ అవగానే కింద గలగలమని రేకు మోత. బండి కిందకి దూరి చూశాడు. సైలెన్సర్ పైపు వేడి పైకి తగలకుండా ఉండే రేకు, దాని బోల్టు దగ్గర తుప్పు తిని వదులైంది. పెద్ద హోస్ క్లిప్పు ఒకటి చుట్టి బిగించాడు. ఆ మోతా ఆగింది. అన్నీ కలిపి 1,200 రూపాయలు తీసుకున్నాడు.

పొద్దు ఇంకా ఉండటంతో కృష్ణదేవిపేట వెళ్లి అల్లూరి సీతారామరాజు సమాధి చూశాం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద, మర్నాడు ఇక్కడి స్టేషన్ మీద ఆయన దళం దాడి చేసింది. మధ్యలో ఉన్న ఆ కొండల దారి మేము కార్లో వెళ్లడానికే ఇంత హడావిడి పడ్డాం, వాళ్లు కాలినడకన ఎలా తిరిగారో.

మెకానిక్ పాత బెల్టు డిక్కీలో పడేసి, "దారిలో తెగితే ఊరు చేరేదాకా పనికొస్తది. కొత్తది సాగుద్ది, ఐదారు వందల కిలోమీటర్లు తిరిగాక ఓసారి టైట్ చేయించండి" అని చెప్పి పంపాడు. విశాఖ వచ్చాక మా వీధి చివర మెకానిక్ చేత చేయించాను. బోల్టు పావు తిప్పు తిరిగింది.